బొడ్డు నుంచి భుజానికి

"కుక్కల జోలికెళ్లావంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు!" ఇప్పుడు నలభై దాటినవాళ్లలో ఈ బెదిరింపు వినకుండా పెరిగినవాళ్లు అరుదు. కుక్క కంటే సూదే ఎక్కువ భయపెట్టేది. అది పేగుల దాకా దిగుతుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ మందు పొట్ట చర్మం కిందికే వెళ్లేది. కండ దాకా కూడా పోయేది కాదు. మరి ఇంత శరీరం ఉండగా పొట్టనే ఎందుకు ఎంచుకున్నారు?

మొదలు 1885 జులై 6, పారిస్. పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ను తల్లి లూయీ పాశ్చర్ దగ్గరికి తీసుకొచ్చింది. రేబిస్ సోకిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి తీసిన మందు ఆయన దగ్గర ఉంది. ఆ సాయంత్రం పిల్లాడి పొట్ట పైభాగంలో చర్మాన్ని మడతగా పట్టుకుని మొదటి సూది వేశారు. సిరంజి పట్టింది మాత్రం పాశ్చర్ కాదు, డాక్టర్ గ్రాంషే. పాశ్చర్ రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు కాదు. పది రోజుల్లో 13 సూదులు పడ్డాయి. పిల్లాడు బతికాడు. పొట్ట మీద పడ్డ ఆ ముద్ర వందేళ్లు దాటినా చెరగలేదు.

మన దేశంలో కుక్కకాటు వైద్యానికి తొలి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయాల దిగువన కసౌలీలో వెలిసింది. దక్షిణాదికి 1907లో నీలగిరుల్లోని కూనూరు దిక్కయింది. కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911 నాటికి కొత్త పద్ధతి పట్టుకున్నాడు. వైరస్ ఎక్కించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి టీకాగా వాడటం. చవక, తయారీ తేలిక. ఆసియా, ఆఫ్రికాల్లో ఎన్నో దేశాలు దాన్నే నమ్ముకున్నాయి.

చిక్కంతా మోతాదులో ఉంది. మందు పలచన కాబట్టి ఒక్కోసారి 5 మిల్లీలీటర్ల దాకా ఎక్కించాలి. భుజం కండలో అంత పట్టదు. పొట్ట మీద చర్మం వదులు, చోటూ ఎక్కువ. నిన్న పొడిచిన చోట వాచి ఉంటే ఇవాళ పక్కన పొడవచ్చు. బొడ్డు చుట్టూ ప్రదక్షిణ అలా వచ్చింది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. మందులో గొర్రె నాడీకణజాలం ఉండటంతో, కొందరిలో శరీరం దాని మీద తిరగబడబోయి సొంత నరాల మీదే దాడి చేసేది. కుక్క కరిచినా రేబిస్ రాక బయటపడ్డ మనిషి టీకాతో పక్షవాతం పాలైన సందర్భాలున్నాయి. ఇది తెలిసి కూడా మనం 2004 చివరిదాకా ఆ టీకాను వదల్లేదు. చవకదనానికి మనం కట్టిన ధర తక్కువేం కాదు.

విడుగడ ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి వచ్చింది. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో కొప్రోవ్‌స్కీ, విక్టర్ బృందం మానవ కణాల్లో వైరస్‌ను పెంచి శుద్ధమైన టీకా చేసింది. ఇరాన్‌లో పిచ్చి తోడేళ్లు, కుక్కలు కరిచిన 45 మందికి దాన్ని ఇస్తే ఒక్కరూ చనిపోలేదు. 1976లో ఆ ఫలితం అచ్చయింది. మెదడు ముక్క లేదు, మోతాదు 1 మిల్లీలీటరుకు మించదు. కాబట్టి కండలోకే వెయ్యొచ్చు. పద్నాలుగు సూదులు ఐదుకు దిగాయి: మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో. మన ప్రభుత్వాసుపత్రుల్లో 2006 తర్వాత వచ్చిన పద్ధతి వేరు. అక్కడ చర్మం పొరల్లోకే చుక్కంత మందు వేస్తారు. అదీ సరైనదే, కంగారుపడక్కర్లేదు.

కండ అంటే ఏ కండ? మన కాంపౌండర్లకు కండ అంటే పిర్రే. అక్కడే ఇంకో పాఠం నేర్వాల్సి వచ్చింది. పిర్ర మీద కొవ్వు మందం. సూది కండను తాకకుండానే మందు కొవ్వులో నిలిచిపోతుంది. హెపటైటిస్-బి టీకా పిర్రకు వేసినవాళ్లలో రక్షణ సరిగా రావడం లేదని 1985లో అమెరికాలో బయటపడింది. రేబిస్ టీకాదీ అదే కథ. పైగా సయాటిక్ నరం అటుగానే పోతుంది. గురి తప్పితే కాలు చచ్చుబడొచ్చు. దాంతో పెద్దవాళ్లకు భుజం, పసిపిల్లలకు తొడ ముందువైపు బయటి భాగం ఖాయమయ్యాయి.

పని తెలిసిన నర్సు చేతిని ఓసారి గమనించండి. చొక్కా చెయ్యి బిగుతుగా మడిస్తే ఒప్పుకోదు, భుజం మొత్తం కనబడాలంటుంది. ముందు భుజం చివర ఎముక అంచును వేలితో తడుముతుంది. అక్కణ్ణుంచి రెండు మూడు వేళ్ల కిందుగా కండ ఉబ్బెత్తుగా ఉన్న చోటే గురి. ఇంకా పైకి పోతే మందు కీలులో పడి నెలల తరబడి చెయ్యి లేవకపోవచ్చు. చెయ్యి వదులుగా వేలాడేయమంటుంది. అంగుళం సూదిని నిటారుగా, ఒక్క ఊపున దించుతుంది. భయపడుతూ ఏటవాలుగా గుచ్చితే మందు చర్మం కిందే ఆగుతుంది. రక్తం వస్తోందేమోనని సిరంజి వెనక్కి లాగి చూడటం టీకాలకు అక్కర్లేదు, నొప్పి తప్ప లాభం లేదు. తీశాక దూదితో అదమడమే, రుద్దకూడదు. వాడిన సూదికి మూత పెట్టబోతేనే చాలామంది నర్సులు తమ వేలికి గుచ్చుకుంటారు. అందుకే అది నేరుగా కట్టర్‌లోకి పోవాలి. ఆ తర్వాత అరగంట బెంచీ మీద కూర్చోబెడుతుంది. అరుదే అయినా ఎలర్జీ వస్తే వెంటనే అడ్రినలిన్ ఇవ్వడానికి.

కుక్క కరిస్తే కారం, సున్నం, పసరు జోలికి పోకండి. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ గురించి కూడా అడగండి. టీకా పిర్రకు వేస్తామంటే మాత్రం చొక్కా విప్పి భుజం చూపించండి.