దంతక్షయము – జలప్రమాణము

పండ్రెండవ యేట మొలచు రెండవ పెద్ద దవడపండ్ల పింగాణి తొలి సంవత్సరములలో ఇంకను పూర్తిగా గట్టిపడి యుండదు. తీపి తిన్న పిమ్మట నోటిలోని సూక్ష్మజీవులు పుట్టించు ఆమ్లము దానిని సులభముగ కరగింపగలదు. కనుకనే దంతక్షయమును నివారింపదలచిన శాస్త్రజ్ఞులు కౌమారప్రాయమున దృష్టి నిలిపిరి. వారి పరిశోధన అమెరికాలో జనించినను, దాని రెండవ ముఖము మన తెలుగునాటి బావులలోనే గానవచ్చినది.

1901 లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున దంతవైద్య మారంభించిన ఫ్రెడరిక్ మెకే, అచ్చట పుట్టి పెరిగినవారి పండ్లపై సున్నపు తెలుపు మచ్చలను, గోధుమవన్నె చారలను జూచి, వాని కారణము నన్వేషించుచు దాదాపు ముప్పది యేండ్లు గడపెను. ఆ పండ్లు చూపులకు వికారములయ్యును పుచ్చుటకు మాత్రము సులభముగ లొంగవని ఆయనయు, 1909 లో ఆయనతో కలిసిన ప్రఖ్యాత దంతవైద్యుడు జి. వి. బ్లాకును గుర్తించిరి. తుదకు 1931 లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడు హెచ్. వి. చర్చిల్ నీటిని శోధించి, అందలి ఫ్లోరైడే ఆ మచ్చలకు హేతువని తేల్చెను. తదుపరి దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ 21 పట్టణములలో 12 మొదలు 14 యేండ్ల ప్రాయపు పిల్లలు 7,257 మంది నోళ్ల పరీక్షలను సమీకరించి, లీటరు నీట 1 మిల్లీగ్రాము ఫ్లోరైడున్నచోట పుచ్చు మిక్కిలి తగ్గుననియు, మచ్చలు అంతగా పొడసూపవనియు నిరూపించెను. 1945 జనవరి 25 న గ్రాండ్ రాపిడ్స్ నగరము, లోకమున మొట్టమొదట, తన మంచినీట ఫ్లోరైడు కలిపెను. అటుపిమ్మట అచ్చట పుట్టిన పిల్లలలో దంతక్షయము అరువది శాతమునకు మించి తగ్గినది.

ఆ పదార్థమే మితిమీరినచో నేమగునో 1937 లో షార్ట్ ప్రభృతి పరిశోధకులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కనిరి: పండ్లు గారపట్టుటయే గాక, వెన్ను బిగిసి, కీళ్లు కదలక, పనిపాటలకు దూరమైన మనుష్యులు వారికి గానవచ్చిరి. రాతినేలల లోతున నూరిన నీరు నల్లగొండ సీమకును ఆ శాపమునే తెచ్చినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన నివారణమార్గమునకు నల్లగొండ పేరే నిలిచినది. నీట పటికయు సున్నమును తగుపాళ్లలో కలిపి మెల్లగా త్రిప్పగా, దూదిపింజలవంటి తెట్టెలేర్పడి ఫ్లోరైడుతో కూడ అడుగునకు దిగును. పైని తేటనీటిని వంచుకొని వాడుకొందురు.

తీపి పదార్థములను భోజనవేళలకే పరిమితము చేయుట, రెండు పూటల పండ్లు తోముకొని పేస్టును మ్రింగక ఉమియుట, క్రొత్త దవడపండ్ల గాడులను పుచ్చకమునుపే పూడ్పించుకొనుట కౌమారమున ఎల్లరును పాటింపదగిన నియమములు. ఫ్లోరైడు విషయమున మాత్రము సర్వత్ర చెల్లు ఉపదేశము లేదు: ఒక ఊరి పిల్లలకు రక్షయైనది, మరియొక ఊరి పిల్లల యెముకలకు ముప్పగును. కావున బడిపిల్లల నోళ్లను పరీక్షించు ప్రతి వైద్యుడును, మందు చెప్పుటకు ముందు, వారు త్రాగు నీటిలో ఫ్లోరైడెంతయో విచారింపవలెను. ఆ లెక్క లేని ఊరిలో బావినీటిని పరీక్షింపజేయుటయే దంతరక్షణకు ప్రథమ కర్తవ్యము.