తిండి చరిత్ర - 6: కడ బంతి నుంచి బఫే బల్ల దాకా

వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫర్వాలేదు అంటారు. క్లాసులో ఈ సామెతకు అర్థం అడిగితే పిల్లలు టక్కున "రికమండేషన్ సార్" అంటారు. నిజమే. కానీ దాని లోపల ఇంకో మూడు సంగతులున్నాయి. బంతులకు ఒక వరస ఉంది. కడ బంతి దాకా వచ్చేసరికి గిన్నెలో మంచి ముక్కలు మిగలవు. వడ్డించేవాడికి ఒక కులముంది, వాడు తనవాళ్లను గుర్తుపట్టి గరిటె లోతుకు ముంచుతాడు.

అయినా ఈ సామెత చెప్పుకున్నవాడికి కనీసం కడ బంతిలో చోటుంది. మాల మాదిగలకు అది కూడా లేదు. బంతులన్నీ లేచిపోయాక, పందిరి అవతల, ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలో పైనుంచి వేస్తే తెచ్చుకోవడమే. మా వాడలో పెద్దవాళ్ల నోట నేను వేల సామెతలు విన్నాను, ఇది మాత్రం వినలేదు. వినకపోవడంలో ఆశ్చర్యం లేదు. వడ్డించేవాడు ఏనాడూ మావాడు కాడు.

పోయిన వారం పెద్దకూర మీద రాసినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడ చూసినా సీ ఫుడ్ ఫెస్టివల్, అన్‌లిమిటెడ్ బఫే బోర్డులే. ఉద్యోగమొస్తే పార్టీ అక్కడే, పుట్టినరోజైనా అక్కడే. పక్క టేబుల్ వాడి కులమేందో ఎవనికీ పట్టదు. మరి దానికీ కులానికీ సంబంధమేముంది?" అని. ఈ భాగమంతా ఆ తమ్ముడికి జవాబే.

ముందు పేర్ల సంగతి చూద్దాం. మూసారాంబాగ్ పేరులో ఉన్నది రాముడు కాదు, రేమండ్. నిజాం అలీఖాన్ సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమండ్. ఆయన పేరు జనం నోట్లో పడి హిందువులకు మూసా రాం అయింది, ముస్లింలకు మూసా రహీం అయింది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. 'బఫే' కూడా ఫ్రెంచి మాటే. గిన్నెలూ పళ్లేలూ పెట్టుకునే బల్లను వాళ్లు అలా అంటారు. ఆ బల్ల మీద వంటకాలు వరసగా పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకోవడం తర్వాత లోకమంతా పాకింది.

ఎవరికి వాళ్లే వడ్డించుకోవడం అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన సమాజంలో ఇది చిన్న మార్పు కాదు.

బంతి భోజనానికి వ్యాకరణం ఉంది. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పక్కన ఎవరు, ఎవరు వండాలి, ఎవరు వడ్డించాలి, ఎవరు ఎంగిలాకులు ఎత్తాలి. పంక్తిలో వలపక్షం కూడదని నీతి చెప్పింది కూడా ఆ పంక్తే. ఆ నీతి పంక్తి లోపల కూర్చున్నవాళ్లకే. బయట నిలబడ్డవాళ్ల గురించి దానికి చింత లేదు. అందుకే ఆంధ్రదేశంలో సంస్కర్తలు 'సహపంక్తి భోజనం' అనే కొత్త మాట పుట్టించాల్సి వచ్చింది. పక్కపక్కన కూర్చుని తినడానికి ఒక ఉద్యమం కావలసి వచ్చింది! విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు ఇంకా ముందుకు పోయి 1972లో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి పెట్టి బహిరంగంగా విందు చేశారు.

ఇంటి పంక్తి అలా ఉంటే, డబ్బిచ్చి తినే హోటల్ సంగతి ఏమిటి? డబ్బుకు కులం లేదంటారు కదా. అంబేడ్కర్‌ను అడగండి. అమెరికా, ఇంగ్లండ్‌లలో చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. రోజుకు రూపాయిన్నర ఇస్తానని, పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని జనం వచ్చి వెళ్లగొట్టారు. చేతిలో డబ్బుంది, విదేశీ చదువుంది, మహారాజా ఇచ్చిన ఉద్యోగముంది. అయినా గది లేదు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 15(2) అధికరణను ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా కులం, మతం పేరుతో ఎవరినీ ఆపరాదని అందులో ఉంది. ప్రాథమిక హక్కుల్లో హోటల్ ఎందుకొచ్చిందని మన పిల్లలు అడుగుతుంటారు. బరోడా సత్రం మెట్ల మీద నిలబడి చూస్తే అర్థమవుతుంది. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు వేసింది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరి కోసం పెట్టిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం కూడా నేరమేనని 4వ సెక్షన్‌లో రాసింది. 1976లో దాన్నే సవరించి పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. బఫే బల్ల మీద అందరూ పట్టుకునే ఆ గరిటె ఉంది చూశారా, దాని వెనక ఈ సెక్షన్ ఉంది.

చట్టం వచ్చినంత మాత్రాన గరిటె చేతికి రాలేదు. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయాలని పెరియార్ నెలల తరబడి ఆందోళన చేయించాల్సి వచ్చింది. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా చాలా కాలం నడిచింది. గోడకు వేరే గ్లాసు, తాగాక మనమే కడిగి పెట్టాలి. 1998లో పుట్టిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరా తిరిగి ఆ హోటళ్లలోకి జనాన్ని తీసుకుపోయింది. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక ఇచ్చేనాటికీ అంటరానితనం బతికే ఉంది. తర్వాత ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి. తాగి పారేసే గ్లాసుతో కొన్ని చోట్ల పద్ధతి పోయింది. కొన్ని చోట్ల మాత్రం గ్లాసు మారిందంతే, మనసు మారలేదు.

ఇప్పుడు పెళ్లిళ్ల సంగతి. మన పెళ్లిళ్లలోకి బఫే వచ్చిన కొత్తలో పెద్దకులాల పెద్దమనుషులు ఒక మాట అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. "ఇదేం తిండండీ, పళ్లెం పట్టుకుని బిచ్చగాళ్లలా నిలబడి!" అరిటాకు మర్యాద పోయిందని పత్రికల్లో వ్యాసాలు కూడా చదివాను. పళ్లెం పట్టుకుని నిలబడటం ఎవరికి కొత్త? పందిరి బయట గిన్నెలు పట్టుకుని తరాల తరబడి నిలబడ్డవాళ్లను ఎవరూ అలా జాలిపడి చూడలేదే! వాళ్లకు పోయింది మర్యాద కాదు, మొదటి బంతి.

ఆ మధ్య కుటుంబంతో, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో ఇటువైపే ఒక సీ ఫుడ్ బఫేకు పోయాం. పిల్లలు రొయ్యల పుల్లల కోసం పరుగెత్తారు. మా అమ్మ పళ్లెం తీసుకుని బల్లకు పక్కగా, గోడకు ఆనుకుని నిలబడింది. "రా అమ్మా" అంటే, "అందరు తీస్కోనీ బిడ్డా, గుంపు తగ్గినంక పోదాం" అంది. గుంపేమీ లేదు. ఆమె ముందు ఇద్దరే ఉన్నారు. అక్కడ పనిచేసే పిల్లవాడు చూసి, "ఇటివ్వండమ్మా, నేను పెడతా" అని చెయ్యి చాపాడు. మంచి పిల్లవాడు. అమ్మ పళ్లెం వెనక్కి తీసుకుంది. "వద్దు నాయినా, నేనే పెట్టుకుంట" అని గరిటె పట్టుకుంది. చేప ముక్కలు నాలుగు వేసుకుంది. ఒకటి తిరిగి పెట్టబోయి, మళ్లీ ఆగి, పళ్లెంలోనే ఉంచుకుంది.

అందుకే బఫేను మధ్యతరగతి మోజు అని తేలిగ్గా కొట్టేసే మన ఉద్యమ మిత్రులతో నాకు పేచీ ఉంది. అయితే, అక్కడ కులం పోయిందనేవాళ్లతో పేచీ ఇంకా పెద్దది.

మొదటి సంగతి, తలుపు దగ్గర ధర ఉంది. మేం పోయిన చోట తలకు ఏడెనిమిది వందలు. మా ఊళ్లో నాట్లకు పోయే ఆడమనిషికి అది రెండు రోజుల కూలి కంటే ఎక్కువ.

రెండోది, అన్‌లిమిటెడ్‌కూ ఒక లిమిట్ ఉంది. రొయ్య, పీత, చేప, కోడి, మేక అన్నీ ఉంటాయి. నేను పోయిన ఏ బఫేలోనూ పెద్దకూర లేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడులు, ఘర్షణలు జరిగాయి. ఆ రోజు వాళ్లు అడిగిన చోటు బల్ల మీద ఇంకా దొరకలేదు.

మూడోది, ఆ సముద్రం ఎక్కడిది? హైదరాబాద్‌కు సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైనే. మా ఊళ్లకు సముద్రం ఎండి వచ్చేది. అంగట్లో ఎండు రొయ్యలు, ఎండు చేపలు. చింతచిగురులో నాలుగు ఎండు రొయ్యలు పడితే ఆ పూట పండగే. ఈ బల్ల మీది సీ ఫుడ్‌లో చాలా భాగం సముద్రం చూడనిది. బాసా చేప చెరువుల్లో పెంచేది. 2009లో కేంద్రం అనుమతించాక మన దేశానికి వచ్చిన వనామీ రొయ్య గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో పెరిగేది. రొయ్యల చెరువుల వల్ల పొలాలూ తాగునీరూ ఉప్పగిల్లాయన్న ఫిర్యాదుల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పెద్ద తీర్పే ఇచ్చింది. 2005లో ఇంకో చట్టంతో వాటికి మళ్లీ దారి తెరుచుకుంది. వరి చేను చెరువైతే నాట్లుండవు, కోతలుండవు. భూమి లేని దళిత ఆడవాళ్లకు కూలి పోతుంది. తర్వాత అలాంటి ఆడవాళ్లే షెడ్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తూ కనిపిస్తారు. బఫేలో వడ్డించేవాళ్లు లేరనుకుంటాం. ఉన్నారు, మనకు కనిపించేంత దగ్గర్లో లేరు.

నాలుగోది ఇల్లు. మూసారాంబాగ్ గల్లీల్లో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు తెలుసు, ఓనర్ల మొదటి ప్రశ్న అడ్వాన్స్ గురించి కాదు. "మీరేం తింటారు?" అని. అడిగేది కూర గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఒకాయన నాతో చాలా మర్యాదగా అన్నాడు, "మేం గూడ తింటం సార్, బయట. ఇంట్ల మాత్రం వండనియ్యం" అని. ఏసీ హాల్లో పుల్లకు గుచ్చి కాల్చిన రొయ్యకు కులం లేదు. మన వంటింట్లో వేగే ఎండు రొయ్యకు మాత్రం ఉంది. హోటల్ తలుపు తెరిచిన కులం పోయి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది.

1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు పిలిచి, రాసింది చూసి వద్దనుకున్న ఉపన్యాసంలో అంబేడ్కర్ ఈ మాటే చెప్పారు. కలిసి తినే కులాలు చాలానే ఉన్నాయి, తిన్నంత మాత్రాన కుల భావన చావలేదు, అసలు మందు కులాంతర వివాహం, దానికి అడ్డుపడే శాస్త్రాల మీది నమ్మకాన్నే కూల్చాలి అని ఆయన వాదన. గోరా గారింట్లో అది జరిగింది. కూతురు మనోరమ 1948లో, కొడుకు లవణం 1960లో దళితులను పెళ్లాడారు. లవణం భార్య హేమలత జాషువా కూతురు. సహపంక్తి అక్కడ ఇంట్లోకి నడిచింది.

మన కాలానికి రండి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలైంది. మూసారాంబాగ్ స్టేషన్ తెరుచుకుంది. ఎవరి పక్కన ఎవరైనా కూర్చునే రైలు. దానికి సరిగ్గా పది రోజుల ముందు, సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని ఆస్పత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. చేసిన నేరం పెద్దకులపు అమ్మాయిని పెళ్లి చేసుకోవడం. మిర్యాలగూడ బస్సులు ఎల్బీనగర్ మీదుగానే పోతాయి. ఆ మెట్రో, ఆ కత్తి ఒకే నెలవి, ఒకే దారివి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదీ నా జవాబు. బఫేకు పో. ఉద్యోగమొస్తే అమ్మానాన్నలను తీసుకుపో. వాళ్లు గోడకు ఆనుకుని నిలబడితే చెయ్యి పట్టుకుని బల్ల ముందుకు నడిపించు. ఆ గరిటె మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు. కానీ ఆ రాత్రి పక్కన కూర్చుని నవ్వుతూ రొయ్యలు పంచుకున్న స్నేహితుడిని మరుసటి ఆదివారం ఇంటికి పిలువు. చింతచిగురు, ఎండు రొయ్యలు వండించు. నాకూ అలాంటి స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఆరేళ్లుగా ఎన్ని బఫేలకైనా వచ్చాడు, మా ఇంటికి మాత్రం ఆయనకు ఇంకా కుదరలేదు. నీ స్నేహితుడికి కుదురుతుందేమో చూడు. వస్తే, వాళ్లింటికి నిన్ను ఎప్పుడు పిలుస్తాడో అడుగు.

వచ్చే వారం: అద్దె ఇల్లు, వంటింటి వాసన.

జై భీమ్.