పేరు రాసిన పుస్తకం ఎవరి చేతిలో?

1989 ఫిబ్రవరిలో గోవా పోలీసులు డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ణి తీసుకెళ్ళి, ఒక పాత క్షయ శానటోరియంలో నిర్బంధించారు. అతడు చేసినది రక్తదానం. ఆ రక్తంలో హెచ్‌ఐవి ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఫలితం అధికారులకు చేరింది. అలాంటివారిని వేరుగా ఉంచేందుకు రాష్ట్ర ప్రజారోగ్య చట్టం వీలు కల్పించింది. నిర్బంధం 64 రోజులు సాగింది. బొంబాయి హైకోర్టు సైతం ఆ చట్టాన్ని సమర్థించింది.

నాటి ప్రభుత్వాల వద్ద ఇవ్వడానికి మందు లేదు. అందువల్ల రోగి పేరు వైద్యానికి కాక నిఘాకు ఆధారమైంది. 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స ఆరంభమవడంతో ఆ నమోదుకు మరో అర్థం వచ్చింది. ఈ మందులను జీవితాంతం, రోజు తప్పకుండా వాడాలి. మధ్యలో మానితే వైరస్ వాటికి లొంగకుండా పోవచ్చు. కాబట్టి రోగి ఎవరో, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలియకపోతే చికిత్స సాగదు.

ఏఆర్‌టీ కేంద్రంలో ప్రతి రోగికీ ఒక వైట్ కార్డు ఉంటుంది. బరువు, సీడీ4 సంఖ్య, ఇచ్చిన మందులు, తదుపరి తేదీ అందులోకి ఎక్కుతాయి. వాటిని డేటా మేనేజర్ కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. గడువు దాటినా రానివారి జాబితా ఆ నమోదులనుంచే తయారవుతుంది. దాన్ని పట్టుకొనే ఆరోగ్య కార్యకర్తలు ఫోన్ చేస్తారు, ఇంటికి వెళ్తారు. 2017లో సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా అందరికీ చికిత్స ఇవ్వాలన్న నిర్ణయంతో నమోదుల భారం మరింత పెరిగింది. అనంతరం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రవేశపెట్టిన సోచ్ వ్యవస్థ, పరీక్షా కేంద్రాన్నీ చికిత్సా కేంద్రాన్నీ ఒకే గొలుసులో కలిపింది.

సమాచారం ఒకచోట చేరినకొద్దీ గోవా నాటి ప్రశ్న మళ్ళీ ముందుకొస్తుంది: దాన్ని తెరిచే అధికారం ఎవరిది? 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం దీనికి జవాబిచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, రోగి సమ్మతి లేనిదే అతని స్థితిని వెల్లడించరాదు. నమోదులు ఉంచే ప్రతి సంస్థా వాటికి రక్షణ కల్పించాలి.

ఇది రోగిపై చూపే దయ కాదు. భయపడిన రోగి తప్పుడు చిరునామా ఇస్తాడు, లేదా కేంద్రానికే రాడు. అప్పుడు ఎంత గొప్ప కంప్యూటర్ ఉన్నా, ఆరోగ్య కార్యకర్త తట్టేది ఎవరూ లేని తలుపునే. గోప్యత చికిత్సకు అలంకారం కాదు, చికిత్సలో భాగం.