ఊరికి ఎంత దూరంలో కొండ?

లాంగ్ వీకెండ్ వస్తోందంటే మా ఆఫీసులో కొండల గురించి చర్చ మొదలవుతుంది. ట్రెక్కింగా, ధ్యానమా, ఊరికే పడుకుని రావడమా అన్నది ఎవరిష్టం వాళ్ళది. చోటు ఎంపిక దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరి కొలతా ఒకటే: జనం ఉండకూడదు, సిగ్నల్ ఉండకూడదు. ఏకాంతం అంటే దూరం అని మన లెక్క. శ్రీకాకుళం వైపు పాతకాలం వాళ్ళు ఎంచుకున్న రెండు కొండల్ని చూస్తే ఈ లెక్క నిలబడదు.

మొదటిది శాలిహుండం. టెక్కలి నుంచి దక్షిణంగా వస్తే, వంశధార దాటాక ఒడ్డునే ఉంటుంది. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. ఆ తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాలు, తారా మారీచీ విగ్రహాలు బయటపడ్డాయి. వెయ్యేళ్ళకు పైగా బౌద్ధులు ఉన్న చోటది. కానీ కొండ పెద్ద ఎత్తేం కాదు. కింద వరిచేలు, పక్కనే నది, కాస్త దూరంలో ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నం రేవు. ధాన్యం పండించేవాళ్ళూ, ఓడలెక్కే వర్తకులూ కూతవేటు దూరంలోనే ఉన్నారన్నమాట.

ఇది యాదృచ్ఛికం కాదు. బుద్ధుడికి వసతి ఎక్కడ ఇవ్వాలా అని బింబిసారుడు ఆలోచించిన సందర్భం వినయపిటకంలో ఉంది. చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. జనం వచ్చిపోవడానికి వీలుండాలి. రాత్రుళ్ళు నిశ్శబ్దంగా ఉండాలి. చివరికి తన వేణువనాన్నే ఇచ్చేశాడు. ఈ షరతుల వెనక చాలా మామూలు కారణం ఉంది. భిక్షువు పొలం దున్నడు, వంట చెయ్యడు. పొద్దున్నే భిక్షకు వెళ్ళి, మధ్యాహ్నం లోపు తినెయ్యాలి. అతని ధ్యానానికి హద్దు గీసింది కాలినడక.

రెండోది మహేంద్రగిరి. పలాస, మందస మీదుగా వెళ్ళేవాళ్ళకి ఉద్దానం జీడితోటలకు పడమటి దిక్కున కనిపించే కొండల్లో పెద్దది, 1501 మీటర్లు. ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. పరశురాముడు తపస్సుకి ఎంచుకున్న కొండ ఇదేనని పురాణాల మాట. అయితే శాసనాల్లో కనిపించే మహేంద్రగిరి మరోలా ఉంటుంది. తూర్పు గాంగుల తామ్రశాసనాలు ఈ శిఖరం మీది గోకర్ణస్వామిని కులదైవంగా పొగుడుతాయి. దేవుడు పైన, రాజు కింద వంశధార ఒడ్డున కళింగనగరంలో. 11వ శతాబ్దంలో చోళులు వచ్చి, ఆ కొండ మీదే తమ పులినీ రెండు చేపలనూ చెక్కించి విజయశాసనం వేశారు. తపస్సుకి మరుగైన చోటు, రాజులకి దేశమంతా కనిపించే చోటు. అంత ఎత్తుకి వెళ్ళినా కింది లోకం వదల్లేదు.

ఈ లెక్కలో మనం మర్చిపోయేవాళ్ళు ఇంకొకరున్నారు. మనం ‘రిట్రీట్’ అనుకునే ఈ కొండలు సవరలకి ఇల్లు. శాలిహుండాన్ని వెలికితీసిన గిడుగే పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నాడు. వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టించాడు. సవర వ్యాకరణం రాశాడు. అది 1931లో అచ్చయింది. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నాడు. ఒక భాషని చెవులారా విని రాసుకున్న మనిషికి అది చిన్న నష్టం కాదు.

అందరం గిడుగులం కాలేం, రెండు రోజుల సెలవులో అసలే కాలేం. కానీ చోటు వెతికేటప్పుడు సిగ్నల్ కాలమ్ పక్కన ఇంకో రెండు కాలమ్స్ పెట్టుకోవచ్చు: అక్కడ మనకి అన్నం వండేది ఎవరు? ఆ కొండకి వాళ్ళ భాషలో పేరేమిటి?