ఆ ఒక్క బిల్లు ఏది? ఇంజన్ వారంటీ వెనక 60 ఏళ్ల కథ

ఈరోజు మన కథకి హీరో ఒక చిన్న పుస్తకం. కారు కొన్నప్పుడు ఇస్తారు, డాష్‌బోర్డ్ బాక్స్‌లో పడేస్తాం, మళ్లీ దాని మొహం చూడం. వారంటీ బుక్. దీనికి కూడా హిస్టరీ ఉందా అంటారేమో. ఉంది. అది నాకు మా బావ వల్ల తెలిసింది.

మా బావ హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. సొంత బండి, లోన్ మీద కొన్నాడు. పోయిన ఏడాది ఒకరోజు విజయవాడ హైవే మీద, సూర్యాపేట దాటాక, ఇంజన్‌లోంచి టకటకమని సౌండ్ మొదలైంది. ఆయిల్ లైట్ వెలిగింది. బావ వెంటనే పక్కకి ఆపేశాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ తిరగలేదు. ఇంజన్ సీజ్.

బండిని టో చేసి షోరూమ్‌కి తెచ్చాం. రెండు రోజులకి ఎస్టిమేట్ వచ్చింది. బేరింగ్‌లు పోయాయి, క్రాంక్ షాఫ్ట్ గీతలు పడింది, హాఫ్ ఇంజన్ మార్చాలి, లక్షన్నర పైనే అవుతుందన్నారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా 8 నెలలుంది. "మరి వారంటీ ఉంది కదా సార్" అన్నాడు బావ. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో చూసి, "మీ నాలుగో సర్వీస్ మా దగ్గర కాలేదు. ఆ ఒక్క బిల్లు ఏది?" అన్నాడు.

ఆ సర్వీస్ బావ కాలనీలో తెలిసిన మెకానిక్ దగ్గర చేయించాడు. ఆయిల్ మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. బిల్లు మాత్రం లేదు. బయటికి వచ్చాక నాతో అన్నాడు, "ఏందిరా ఇది? ఆయిల్ మార్చిన అంటే నమ్మరా? వాళ్ల ఇంజన్ పోతే నేను రుజువు చూపియ్యాల్నా?"

ఆ ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. ఇంజన్ వాళ్లది, రుజువు మనది. ఈ లెక్క ఎక్కడ మొదలైంది? వెతుక్కుంటూ వెళ్తే అమెరికాలో తేలాను.

1955 మే నెల. న్యూజెర్సీలో హెన్నింగ్‌సెన్ అనే ఆయన మదర్స్ డే కానుకగా భార్యకి ప్లిమత్ కారు కొన్నాడు. ప్లిమత్ అంటే క్రైస్లర్ కంపెనీ బ్రాండ్. పది రోజులు గడిచాయి. బండి తిరిగింది 468 మైళ్లే. ఆమె నడుపుతుంటే స్టీరింగ్ చేతిలో తిరిగిపోయి, కారు వెళ్లి గోడకి గుద్దుకుంది. కంపెనీ ఏమంది? కాగితం వెనక చిన్న అక్షరాల్లో రాసుంది చూసుకోండి అంది. అందులో ఏముందంటే, వారంటీ 90 రోజులు లేదా 4,000 మైళ్లు. అదీ పాడైన పార్ట్‌ని రవాణా ఖర్చు మీరే పెట్టుకుని ఫ్యాక్టరీకి పంపితే, వాళ్లు చూసి ఒప్పుకుంటే, కొత్త పార్ట్ ఇస్తారు. అంతకుమించి ఏ బాధ్యతా లేదు.

ఇంకో షోరూమ్‌కి వెళ్లి కొనుక్కోవచ్చు కదా అంటే, అప్పట్లో పెద్ద కంపెనీలన్నీ ఇదే వారంటీ వాడేవి. 1960లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు ఈ పాయింట్‌నే పట్టుకుంది. బేరమాడే అవకాశమే లేని మనిషి చేత సంతకం పెట్టించుకుని బాధ్యత దులిపేసుకుంటే చెల్లదని తీర్పు ఇచ్చింది. కారు కొన్నది భర్తే అయినా, దెబ్బలు తగిలిన భార్యకి కూడా హక్కు ఉందని చెప్పింది.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. అదే క్రైస్లర్ కంపెనీ 1963 మోడల్ కార్లకి ఒక వారంటీ ప్రకటించింది. ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి 5 సంవత్సరాలు లేదా 50,000 మైళ్లు. 90 రోజుల నుంచి 5 ఏళ్లకి! జనం క్యూ కట్టరా మరి?

కానీ ఆ యాడ్‌ల కింద చిన్న అక్షరాలు అప్పుడూ ఉన్నాయి. 3 నెలలకోసారి లేదా 4,000 మైళ్లకోసారి ఆయిల్ మార్చాలి. రెండుసార్లు ఆయిల్ మారిస్తే ఒకసారి ఫిల్టర్ మార్చాలి. ప్రతి 6 నెలలకి ఒకసారి, ఇవన్నీ చేయించినట్టు రుజువు తీసుకెళ్లి కంపెనీ డీలర్‌కి చూపించి, సర్టిఫై చేయించుకోవాలి.

అర్థమైందా ఫ్రెండ్స్? మా బావని అడిగిన బిల్లు ఈ కుటుంబంలోదే. వారంటీ పొడుగైన కొద్దీ దానికి కట్టిన తాడు కూడా పొడుగైంది. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి తిప్పితే ఏ ఇంజనైనా పోతుంది. ఆయిల్ అంటే ఇంజన్‌కి రక్తం లాంటిది. బేరింగ్‌కి, క్రాంక్‌కి మధ్య సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర పోతే ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి, నిమిషాల్లో కథ ముగుస్తుంది. తప్పు ఓనర్‌దైతే కంపెనీ ఎందుకు కట్టాలి? సరైన ప్రశ్నే. మరి తప్పు ఎవరిదో తేల్చేది ఎవరు?

ఏమీ అడగకుండా ఇంజన్‌లు మార్చిన కంపెనీ ఏదైనా ఉందా అని కూడా వెతికాను. దాదాపు అలాంటిదే ఒకటి దొరికింది. జర్మనీలో ఎన్‌ఎస్‌యూ అనే చిన్న కంపెనీ. 1967లో ఆర్ఓ 80 అనే కారు తెచ్చింది. అందులో మామూలు పిస్టన్‌లు ఉండవు, త్రికోణం లాంటి రోటార్‌లు తిరుగుతాయి. ఫెలిక్స్ వాంకెల్ ఐడియా అది. 1968కి యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ అవార్డు దానికే వచ్చింది. ఇంజన్ ఎంత స్మూత్ అంటే, ఎంత స్పీడ్‌గా తిరుగుతోందో డ్రైవర్‌కి తెలిసేదే కాదు. అదే కొంప ముంచింది. రోటార్ మూలల్లో ఉండే సీల్స్ అరిగిపోయేవి. 50,000 కిలోమీటర్లు కూడా తిరగకుండానే ఇంజన్‌లు పోయాయి.

ఎన్‌ఎస్‌యూ మాట తప్పలేదు. వారంటీలో కొత్త ఇంజన్‌లు పెట్టి పంపింది. కొందరికి ఒకటి కాదు, రెండు మూడుసార్లు మార్చింది. రోడ్డు మీద ఇద్దరు ఆర్ఓ 80 ఓనర్లు ఎదురైతే, ఎన్నో ఇంజనో వేళ్లు చూపించి చెప్పుకునేవాళ్లని ఒక జోక్ ఇప్పటికీ చెప్తారు. ఆ వారంటీ ఖర్చుకి కొత్త కారు మీద పెట్టిన ఖర్చు తోడై, 1969లో ఎన్‌ఎస్‌యూ ఫోక్స్‌వాగన్ చేతిలోకి వెళ్లి ఆడీలో కలిసిపోయింది. మిగతా కంపెనీలకి ఇదొక పాఠం. మాట ఇవ్వడం ఈజీ, నిలబెట్టుకోవడం ఖరీదు.

మరి రెండో దారి ఏంటి? నిజం దాచడం. దీనికి కథ మన కాలంలోనే ఉంది.

హ్యుందాయ్ 1986లో అమెరికాలో అడుగుపెట్టింది. చవక కారే, కానీ క్వాలిటీ లేదని పేరు పడింది. ఆ పేరు పోగొట్టుకోవడానికి 1998లో 10 సంవత్సరాలు, 1,00,000 మైళ్ల వారంటీ ప్రకటించింది. అదృష్టం తిరిగింది. తర్వాత థీటా 2 అనే ఇంజన్ వచ్చింది. అమెరికాలో మన స్టూడెంట్‌లు సెకండ్ హ్యాండ్‌లో కొనే సొనాటాలో ఉండేది అదే. 2015లో 2011, 2012 మోడల్ సొనాటాలు సుమారు 4,70,000 రీకాల్ చేశారు. ఫ్యాక్టరీలో క్రాంక్ షాఫ్ట్ తయారు చేసేటప్పుడు మిగిలిపోయిన ఇనుప రజను ఆయిల్ దారికి అడ్డుపడి, బేరింగ్‌లు పోయి, నడుస్తున్న ఇంజన్ ఆగిపోవచ్చు. అచ్చం బావ బండిలో విన్న సౌండే. ఇక్కడ ఎన్ని ఆయిల్ బిల్లులు దాచుకున్నా ఓనర్ ఏం చేయగలడు?

రీకాల్ సరిపోలేదని కంపెనీ లోపలి మనిషే చెప్పాడు. కిమ్ గ్వాంగ్ హో, కొరియాలో 20 ఏళ్లకి పైగా పనిచేసిన ఇంజనీర్. 2016లో కాగితాలు పట్టుకెళ్లి అమెరికా రోడ్డు భద్రతా సంస్థకి ఇచ్చాడు. ఉద్యోగం పోయింది. 2017లో హ్యుందాయ్, కియా కలిపి ఇంకో 12 లక్షల దాకా కార్లు రీకాల్ చేశాయి. 2020లో రెండు కంపెనీలకి కలిపి 21 కోట్ల డాలర్ల పెనాల్టీ పడింది. 2021లో కిమ్‌కి 2 కోట్ల 40 లక్షల డాలర్లకి పైగా రివార్డ్ ఇచ్చారు. కోర్టు సెటిల్‌మెంట్‌తో ఆ బేరింగ్ సమస్యకి లైఫ్‌టైమ్ వారంటీ వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి కూడా.

ఇప్పుడు మా బావ దగ్గరికి వద్దాం. "బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుంది" అని మనకి అందరూ చెప్తారు. అమెరికాలో 1975లోనే మాగ్నసన్–మాస్ అనే చట్టం వచ్చింది. మా దగ్గరే సర్వీస్ చేయించాలి, మా పార్ట్‌లే వాడాలి అనే షరతుతో వారంటీని కట్టేయకూడదని అందులో ఉంది. మన దగ్గర 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, అది వేరే కథ. కానీ ఆ ఆర్డర్‌లో ఒక మాట ఉంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనకూడదు, ఆ బయటి పని వల్ల ఏది పాడైందో అంతవరకే కాదనొచ్చు అని.

ఇది చదివాక మేం మూడు పనులు చేశాం. ఒకటి, కాలనీ మెకానిక్‌కి కట్టిన యూపీఐ పేమెంట్ తేదీ వెతికి తీశాం. ఆయన ఆ తేదీ వేసి, ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, కిలోమీటర్ రీడింగ్ ఎంత అని బిల్లు రాసిచ్చాడు. రెండు, షోరూమ్‌లో నోటిమాట వద్దన్నాం. "వారంటీ ఇవ్వం, ఫలానా కారణం వల్ల అని రాసివ్వండి" అన్నాం. మూడు, ఇంజన్ విప్పినప్పుడు బావ పక్కనే నిలబడి ప్రతి పార్ట్ ఫోటో తీశాడు. అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాం. క్యాబ్ అంటే బిజినెస్ కదా, అక్కడ తీసుకుంటారా అని మీకు డౌట్ రావచ్చు. సొంతంగా నడుపుకుని బతకడానికి కొన్న బండైతే, చట్టం ప్రకారం అతనూ వినియోగదారుడే. ఫిర్యాదుకి గడువు 2 ఏళ్లు.

అంతదూరం పోలేదు. కాదని రాసివ్వమంటే పై ఆఫీస్‌కి పంపారు. పై ఆఫీస్ పార్ట్‌ల ఖర్చు ఒప్పుకుంది, లేబర్ బావ కట్టాడు. బండి చేతికొచ్చేసరికి 23 రోజులు. ఆ 23 రోజుల సంపాదన ఎవరూ ఇవ్వలేదు. ఈఎంఐ మాత్రం తేదీ తప్పకుండా కట్ అయింది. గెలిచామా అంటే, సగం.

90 రోజుల కాగితం నుంచి లైఫ్‌టైమ్ వారంటీ దాకా వచ్చాం. కోర్టుకెళ్లిన ఒక కుటుంబం, ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ఇంజనీర్, ఎవరో ఒకరు రుజువు పట్టుకుని నిలబడితేనే ఆ కాగితం బలపడింది. మన వంతు రుజువు చిన్నదే, ఒక బిల్లు ఫోటో. ఈ వీడియో అయ్యాక మీ ఇంటి బండి డాష్‌బోర్డ్ బాక్స్ ఒకసారి తెరవండి. సర్వీస్ బిల్లులన్నీ ఫోటో తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. బావ ఇప్పుడు ఆయిల్ డబ్బాతో సహా ఫోటో తీసి నాకు పంపుతున్నాడు, "దాచిపెట్టురా" అని.

మళ్లీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.