రెక్కలు చెప్పని చుట్టరికం

పులివెందులలో మా పెద్దమ్మ చీనీతోటకు వెళ్లినప్పుడల్లా రాలిన కాయల దగ్గర కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. కుళ్లిన పండుమీద సీతాకోకచిలుకలు వాలి రసం పీలుస్తుంటాయి.

"ఇవే మ్మే, కాయలన్నీ పొడిచి రాలగొట్టేది!" అంటుంది పెద్దమ్మ కొంగు విదిలిస్తూ.

అందులో ఎండుటాకు రంగుది ఒకటి ఉంటుంది. సందెవేళ ఇంట్లో దీపం దగ్గరికి కూడా వస్తుంది. ఈవెనింగ్ బ్రౌన్ అంటారు. 1758లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ఈ బీదదానికి గ్రీకు పురాణాల్లోని రాణి లీడా పేరు పెట్టాడు! ఇలాంటి విందుకే వచ్చే మరో జాతి బ్లాక్ రాజా. నల్లని రెక్కలమీద లేతరంగు పట్టీ, వెనక తోకలు. దీని గొంగళిపురుగు మన చింతాకు తిని పెరుగుతుంది. 1793లో డెన్మార్క్ పండితుడు ఫాబ్రిషియస్ దీనికి ఏథెన్స్ శాసనకర్త సోలన్ పేరు పెట్టాడు.

ఫాబ్రిషియస్ మన దేశం మొహం చూడలేదు. ఇక్కడి పురుగుల్ని సేకరించి ఆయనకు అందించినవారిలో ముఖ్యుడు లిన్నేయస్ శిష్యుడు కోయెనిగ్. 1768లో తరంగంబాడికి డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చిన ఆయన, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

పేర్లు పెట్టడం సులువే. చిక్కంతా చుట్టరికాలు కలపడంలో వచ్చింది. 1957లో వింటర్-బ్లైత్ రాసిన పుస్తకంలో కూడా రాజాది ఒక కుటుంబం, ఎండుటాకుది వేరే కుటుంబం.

మనం మాత్రం తక్కువా? ప్రొద్దుటూరు పెళ్లిలో ఒంటినిండా బంగారంతో ముందు వరసలో కూర్చున్నావిడా, జమ్మలమడుగు నుంచి ముతకచీరలో వచ్చి వంటల దగ్గర సాయం చేస్తున్నావిడా అక్కచెల్లెళ్లంటే ఎవరు నమ్ముతారు?

2009లో వాల్‌బెర్గ్ బృందం సుమారు 400 ప్రజాతుల జన్యువుల్నీ, దేహలక్షణాల్నీ కలిపి పరిశీలించింది. రాజా, ఎండుటాకు ఒకే పెద్ద కుటుంబానివే కాదు, అందులోనూ ఒకే కొమ్మవని తేలింది. ముందుకాళ్లు కుంచించుకుపోయి, నాలుగు కాళ్లమీదే నిలబడటం ఆ ఇంటివాళ్ల గుర్తు. నగలు చూసే హడావిడిలో కాళ్ల గుర్తుకు విలువ తగ్గిందన్నమాట!

అలాగని పండురసం తాగేవన్నీ దగ్గరి చుట్టాలూ కావు. మామిడాకు తిని పెరిగే బారన్ కూడా ఈ విందుకే వస్తుంది. అది ఆ పెద్ద కుటుంబంలోనే వేరే కొమ్మది. ఒకే పంక్తిలో కూర్చున్నంత మాత్రాన దాయాదులవుతారా!

ఇదంతా చెప్పి, "పెద్దమ్మా, వీటి నాలుక మెత్తనిది. గట్టి తొక్కను పొడవలేదు. పొడిచేది రాత్రిపూట వచ్చే రెక్కలపురుగు. దాని తొండం కొనకు ముళ్లుంటాయి" అన్నాను.

పెద్దమ్మ కొంగు దించేసింది. "పగలు కంటికి కనబడిన పాపానికి ఇన్నాళ్లూ వీటిని తిట్టినానా!" అంది.

ఆ రాత్రి అన్నం తిన్నాక టార్చిలైటు పట్టుకుని తోటలోకి బయలుదేరింది.