చుక్కల లెక్కలో పుట్టిన భయం

పన్ను పీకే ముందు చిగుళ్లలో మత్తు సూది పొడిచిన ఒకటి రెండు నిమిషాలకే గుండె దడదడలాడి, చేతులు వణికి, ఒళ్లంతా చెమట పట్టినవాళ్లు తక్కువేమీ కాదు. తర్వాత వాళ్లు చెప్పే మాట ఒక్కటే: ఆ మందు నాకు పడదు. మరోసారి ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ మాటే కేసు షీటులో ‘అడ్రినలిన్ అలర్జీ’ అయి కూర్చుంటుంది. ఆ దడను కాదనడానికి లేదు. అయితే దాని మూలం వెతకాల్సింది రోగి తత్వంలో కన్నా మందు మోతాదులో, సూది దిగిన చోటులో, ఎక్కించిన వేగంలో అని ఈ మందు చరిత్ర చెబుతుంది. అసలు అడ్రినలిన్‌ను మత్తుమందులో కలిపిందే రోగికి ప్రమాదం తగ్గించడానికి.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి చూపాక, ఆ మందు శస్త్రవైద్యమంతటా పాకింది. దానితోపాటు విషప్రభావాలూ, మరణాలూ వచ్చాయి. మందు సూది వేసిన చోట నిలవకుండా రక్తంలో కలిసిపోవడమే చిక్కు. 1885లో న్యూయార్క్‌లో లియోనార్డ్ కార్నింగ్ చేతికి, కాలికి సూది వేసిన చోటికి పైన బిగించి కట్టి మందును అక్కడే ఆపాడు. చిగుళ్లకు కట్టు కట్టలేం కదా! మరో దారి తెరిచింది రసాయన శాస్త్రవేత్త జొకిచి తకమినె. జంతువుల అడ్రినల్ గ్రంథుల నుంచి ఆయన వేరుచేసిన స్ఫటిక పదార్థాన్ని పార్క్ డేవిస్ కంపెనీ 1901 నాటికి ‘అడ్రినలిన్’ పేరుతో అమ్మింది. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. జర్మనీలో లైప్జిగ్ వైద్యుడు హైన్రిష్ బ్రౌన్ దాన్ని కొకైన్‌లో కలిపి, కట్టు చేసే పనిని మందు చేతే చేయించాడు. తక్కువ కొకైన్‌తో ఎక్కువసేపు మొద్దు నిలిచింది. 1905లో ఆయనే వాడుకలోకి తెచ్చిన ప్రొకైన్‌కు ఈ తోడు మరీ అవసరమైంది. ప్రొకైన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కాబట్టి, ఒంటరిగా వేస్తే ఇట్టే కరిగిపోయేది.

భయానికి విత్తనం కూడా ఆ కాలమే వేసింది. అప్పట్లో అడ్రినలిన్ సీసాలో వెయ్యికి ఒక వంతు గాఢతతో, అంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఉండేది. వైద్యుడే దాన్ని చుక్కలు లెక్కపెట్టి మత్తుమందులో కలిపేవాడు. చుక్క పెద్దదైనా, లెక్క తప్పినా మోతాదు మారిపోయేది. గాలి, వెలుతురు తగిలితే ద్రావణం గులాబీ రంగుకు తిరిగి చెడిపోయేది. అలాంటి రోజుల్లో రోగులకు దడ పుట్టిందంటే ఆశ్చర్యమేముంది? ఇప్పుడు మన దేశంలో పళ్ల డాక్టర్లు విరివిగా వాడే లిగ్నోకైన్ మత్తుమందులో అడ్రినలిన్ గాఢత 80,000కు ఒకటి. 1.8 మిల్లీలీటర్ల గొట్టంలో ఉండేది 22.5 మైక్రోగ్రాములు. తీవ్రమైన అలర్జీతో ప్రాణం మీదికి వచ్చిన పెద్దవారికి తొడ కండరంలో వేసేది కూడా ఇదే అడ్రినలిన్, అదీ 500 మైక్రోగ్రాములు. మన గ్రంథులే నిత్యం తయారుచేసే, అలర్జీకే విరుగుడైన పదార్థానికి అలర్జీ అంటే నమ్మడం కష్టం.

అంత తక్కువ మోతాదైతే మరి ఒళ్లెందుకు వణుకుతుందని అడగవచ్చు. సూది మొన రక్తనాళంలో దిగితే ఆ కొంచెమే ఒక్కసారిగా గుండెను చేరుతుంది. ముందు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడడం, మందును నెమ్మదిగా ఎక్కించడం అందుకే. సూదిని చూసి బెదిరినవారి శరీరం విడుదల చేసే సొంత అడ్రినలిన్ కూడా తక్కువేమీ కాదు. గుండె జబ్బుల సంగతేమిటన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. దానికీ చరిత్రలో జవాబుంది. 1955లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ అలాంటి రోగులకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. తర్వాతి కాలంలో 0.04 మిల్లీగ్రాముల హద్దు వాడుకలోకి వచ్చింది, అంటే మన గొట్టాలు రెండు కూడా పూర్తిగా కావు. వైద్యులు హద్దు బిగించారే తప్ప మందును వెలివేయలేదు. మత్తు చాలక కలిగే నొప్పి కూడా గుండెకు భారమేనన్నది వాళ్ల తర్కం. అయితే ప్రొప్రనొలాల్ అనే గుండె మందు వాడేవారిలో రక్తపోటు ఎగబాకవచ్చు. అదుపులో లేని థైరాయిడ్ ఉధృతి, అడ్రినల్ గ్రంథి కణితి ఉన్నవారిలో నిజంగానే ముప్పుంది. అడ్రినలిన్ చెడకుండా కలిపే సల్ఫైటు కొందరు ఆస్తమా రోగులకు సరిపడదు. వీటిలో ప్రతిదానికీ వేర్వేరు కారణముంది, వేర్వేరు జాగ్రత్త ఉంది. అన్నింటినీ అలర్జీ అనే ఒక్క గాటన కడితే ఏ జాగ్రత్త తీసుకోవాలో తెలియదు.

పాత భయం ఎంత మొండిదో చేతి వేళ్ల విషయంలో చూడవచ్చు. వేళ్లకు అడ్రినలిన్ కలిపిన మందు వేస్తే రక్తం ఆడక కుళ్లిపోతాయని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు హెచ్చరించాయి. 2001లో పాత కేసులన్నీ తిరగేస్తే వేలు చచ్చుబడినవి 48 దొరికాయి; వాటిలో అడ్రినలిన్ వాడినవి 21 మాత్రమే. కంపెనీలో కలిపి వచ్చిన లిగ్నోకైన్–అడ్రినలిన్ మందు వల్ల జరిగినది ఒక్కటీ లేదు. 2005లో వెలువడిన కెనడా అధ్యయనం వరుసగా 3,110 మంది చేతులకు, వేళ్లకు ఈ మందు వేసి చూసింది. ఒక్క వేలూ పోలేదు.

కాబట్టి కేసు షీటులో రాయాల్సింది ఏ మందు, ఎంత, ఎక్కడ వేశారు, ఎన్ని నిమిషాలకు ఏం జరిగింది, ఎంతసేపటికి తగ్గింది అన్నవి. దడ పది నిమిషాల్లో సర్దుకోవడం వేరు, ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవడం వేరు. రెండోదైతే మొత్తం మందును అలర్జీ నిపుణుడి దగ్గర పరీక్షించాల్సిందే. మొదటిదాన్ని కూడా అలర్జీగా రాసేస్తే, మరోసారి వచ్చినప్పుడు ఆ రోగికి అడ్రినలిన్ లేని మందే వేస్తారు. లిగ్నోకైన్ ఒక్కటే అయితే అది పని మధ్యలోనే దిగిపోవచ్చు, ఇంకో సూది వేయాల్సి రావచ్చు.